ప్రాణపాలుడు ఎవరు?

సిద్దిపేట,
10-7-1988

ప్రియమైన బామ్మర్ది నాగేశానికి,

మీ బావ హరికిషన్ దీవెనలు. ఇక్కడ నేను, మీ చెల్లె జ్ఞానేశ్వరి క్షేమం. వానలు పట్టుకున్నాయి, బట్టల దుకాణంలో గిరాకీ లేదు. వచ్చిన నలుగురూ చీర ధర అడగడం మాని ప్రాణపాలుడి ముచ్చటే పెడుతున్నారు. అంత దూరం మహారాష్ట్రలో, భీవండికి ఆ వారపత్రిక వస్తుందో లేదో గానీ, అందులో వచ్చే ‘ఊపిరి కోట’ సీరియల్ మాత్రం ఇక్కడ ఊరును పట్టి ఊపుతోంది.

రాకుంటే కథ చెబుతాను విను. ఎక్కడో దూర గ్రహం మీద మనుషులంతా ఒక పెద్ద గాజు గోపురం కింద బతుకుతుంటారు. బయట గాలి లేదు, అడుగు పెడితే చావే. గోపురానికి ఒకటే తలుపు. ఆ తలుపు దగ్గర కూర్చునేవాడే ప్రాణపాలుడు. తాళం వేయడు, చెయ్యెత్తడు, గొంతు పెంచడు. ఎవరు ఎదురుపడినా రెండే ప్రశ్నలు అడుగుతాడు. “ఎటు వెళ్లావు? ఎవరు కనిపించారు?” అంతే, ఎదుటివాడికి ముచ్చెమటలు పోస్తాయి. మన గల్లీ పోరగాళ్లు గోలీలాడుకుంటూ కూడా ఇవే ప్రశ్నలు.

ఆదివారం వచ్చిందంటే గ్రంథాలయంలో దీని మీద పంచాయితీ. కాలేజీలో పాఠాలు చెప్పే ప్రభాకర్ సార్ లేచి, ప్రాణపాలుడంటే సర్కారే అన్నాడు. ముందు భయం పెడుతుంది, తర్వాత కాపాడుతున్నానంటుంది అని ఆయన లెక్క. ఎర్రజెండా కిష్టయ్యేమో వాడు అచ్చం తమ ఊరి దొర అన్నాడు. దవాఖానలో కాంపౌండర్ రాజమల్లయ్య ఉన్నాడు కదా, ఆయనది ఇంకో దారి. “వానికి చిన్నప్పుడేదో గట్టి దెబ్బ తాకింది. గదంత మనసుల రోగం” అని సూది వేసినంత నిమ్మళంగా తేల్చేశాడు. నేను ఒక్కణ్ణే అడ్డం తిరిగాను. ఆయన లేకుంటే ఆ జనం ఎప్పుడో చచ్చేవాళ్లు కదా, కాపాడేవాడు రెండు మాటలు అడిగితే తప్పేమిటన్నాను.

మీ చెల్లెకు ఈ చదువుల మీద ధ్యాస లేదు. పత్రిక ముట్టదు. అన్నం తినేటప్పుడు నేనే కథ చెబుతాను, ఎంత శ్రద్ధగా వింటుందనుకున్నావు. మొన్న “అయితే గాయనకు గంత భయమెందుకట?” అని అడిగింది. భయం కాదే, బాధ్యత అని చెప్పాను.

ఒక్కటే నన్ను తొలుస్తోంది. రాసేవాడు ‘గవాక్షం’ అనే కలం పేరు వెనక దాక్కున్నాడు. వాడు మనవాడే అని నా అనుమానం. ఎందుకంటే ప్రాణపాలుడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి అంగీ కొసను రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తాడు. బట్ట వ్యాపారం తెలిసినవాడికి తప్ప ఎవడికి వస్తుంది ఆ ఆలోచన? వాడెవడో నేను పట్టుకోకుంటే చూడు.

నువ్వు వేళకు తిను. దగ్గు మందు మరవకు.

నీ మంచి కోరే బావ,
హరికిషన్


భీవండి,
28-7-1988

ప్రియమైన బావకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. పత్రిక ఇక్కడికీ వస్తోంది, కాకపోతే వారం ఆలస్యంగా. సాంచెల షెడ్డులో మధ్యాహ్నం కరెంటు పోయి మరమగ్గాలు ఆగినప్పుడు నేనే పైకి చదువుతాను. చుట్టూ మన సిద్దిపేట, బెజ్జంకి వాళ్లే. ఇక్కడ ప్రాణపాలుడంటే ఎవరికీ అనుమానం లేదు, మా సేఠే. పాయఖానాకు పోయొచ్చినా ఎటు పోయినవంటాడు. మా ఎల్లయ్య మాత్రం సేఠ్ మీద జాలిపడ్డాడు. “గాయనకూ ఎవడో అట్లనే అడిగేటోడు ఉండచ్చు తియ్యిరి” అన్నాడు. అయినా బావా, గమ్మతేమిటంటే అందరం ఎదుటివాడి దిక్కే వేలు చూపిస్తున్నాం.

సరే, అసలు సంగతికి వస్తాను. జ్ఞానకు నేను విడిగా రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. అంతకు ముందు వచ్చిన జవాబేమో నీ చేతిరాతలో ఉంది. దానికి చేయి నొప్పా? రాయపోల్‌లో మా చిన్నమ్మ కూతురు పెళ్లికి పంపమని అడిగాను, దాని మీద కూడా నువ్వు ఒక్క మాట రాయలేదు. పెళ్లయిన కొత్తలో అది టీచర్ ట్రైనింగ్ చేస్తానంది, చూద్దామన్నావు. ఏమైంది? తప్పుగా అనుకోకు. చెల్లె మంచిచెడ్డలు అడగడం నా హక్కు కదా.

దాని చేత రెండు వాక్యాలు రాయించి పంపు. ఎదురు చూస్తుంటాను.

నీ బామ్మర్ది,
నాగేశం


సిద్దిపేట,
19-8-1988

ప్రియమైన నాగేశానికి,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవును, ఆమెకు వచ్చిన ఉత్తరాలు నేనే విప్పుతాను. భార్యాభర్తల మధ్య దాపరికాలు ఏముంటాయి? జవాబు తను చెబుతుంది, నేను రాస్తాను. నా అక్షరం బాగుంటుంది కాబట్టి. పెళ్లికి పంపలేదంటే రోజులు బాగాలేవు. పోలీసులు బస్సులు ఆపి దింపి అడుగుతున్నారు, ఎవరు ఎవరో తెలియని కాలం. ఎటూ పోవద్దని నేను ఏనాడూ అనలేదు. అడిగి పొమ్మన్నాను, అంతే.

ఇక నేను అడుగుతాను, నువ్వు చెప్పు. పోయిన వారం భాగం చదివావా? అందులో ప్రాణపాలుడి చిన్నతనం వచ్చింది. తల్లీ తండ్రీ పిల్లవాణ్ణి నిద్రపుచ్చి, వాడికి చెప్పకుండా తలుపు దాటి పోతారు. వాడు లేచి గడప మీద కూర్చుంటాడు, తినమన్నా లేవడు. అక్కడికి వచ్చి పత్రిక బోర్లించి పెట్టాను నాగేశం.

మా అవ్వ, బాపు నన్ను నానమ్మ పక్కలో పడుకోబెట్టి భీవండి లారీ ఎక్కింది నీకు తెలియదా? ఏడుస్తానని చెప్పకుండా పోయారు. మన సాలోళ్ల ఇళ్లలో మగ్గాల పనికి పోయేవాళ్లంతా అట్లాగే పోయేవారు, అదేమీ వింత కాదు. కానీ పొద్దున్నే లేచి నేను గడప పట్టుకుని కూర్చుంటే పక్కన వచ్చి కూర్చున్నది నువ్వు ఒక్కడివే. నీ జొన్నరొట్టెలో సగం నాకు పెట్టింది నువ్వే. ఆ సంగతి ఈ గవాక్షానికి ఎట్లా తెలిసింది?

ఇంకోటి. నేను ఇంట్లో అన్న మాటలు పత్రికలో వస్తున్నాయి. “అది భయం కాదు, బాధ్యత” అని ప్రాణపాలుడు అన్నాడు, చూశావా? నేను అన్నమాటే. నా ఇంటి గోడలకు చెవులు మొలిచాయా? నువ్వు దసరాకు వచ్చి పోయిన తర్వాతే ఈ సీరియల్ మొదలైంది. అప్పటి నుంచి లెక్క పెట్టుకుంటున్నాను. సూటిగా అడుగుతున్నాను, గవాక్షం నువ్వేనా? నన్ను ఊరి ముందు నిలబెట్టి నవ్వుకుంటున్నావా?

అయితే అయినట్టు చెప్పు. కాకుంటే ఎవరికి చెప్పావో చెప్పు.

హరికిషన్


భీవండి,
5-9-1988

బావా,

నీ ఉత్తరం చివర మొదటిసారి ‘బావ’ అన్న మాట లేదు. మళ్లీ మొదటి నుంచి చదివాను.

గవాక్షం నేను కాదు. నాకు అన్నం పెట్టే సాంచె మీద ఒట్టు. పాస్‌బుక్కు మీద సంతకం పెట్టడానికే నాకు చెమట పడుతుంది, నేను సీరియళ్లు రాస్తానా? లారీ ముచ్చట మాత్రం ఒక్క మనిషికి చెప్పాను, దాచను. మీ పెళ్లి కుదిరినప్పుడు జ్ఞానకు చెప్పాను. “ఆయన గడప దగ్గర ఒంటరిగా కూసున్న పిల్లగాడు, మంచిగ సూసుకో” అన్నాను. దానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నిన్ను చేసుకుంటానని గట్టిగా నిలబడింది ఆ మాటకే.

ఈ వారం భాగం చదువుతుంటే షెడ్డులో నవ్వులే నవ్వులు. ప్రాణపాలుడు పక్కకు పోయేటప్పుడు తలుపు రెండు రెక్కలకు కలిపి, అడుగున, కంటికి ఆనని దారప్పోగు కడతాడట. తిరిగొచ్చేసరికి తెగి ఉంటే ఎవరో బయటికి పోయినట్టు. కథలో అతను కనిపెట్టి ఉండే అమ్మాయేమో నేతపని చేసే మనిషి. మా ఎల్లయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. “నేసేటోళ్ల ముంగట పోగు కడుతడా? ఎంత పిచ్చోడు” అన్నాడు. నాకు మాత్రం ఎందుకో నవ్వు రాలేదు.

బావా, నీకు ఏదైనా బరువుగా ఉంటే నాకు రాయి. తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ ఇట్లా అనుమానంతో కాలిపోకు.

నీ బామ్మర్ది,
నాగేశం


సిద్దిపేట,
2-10-1988

నాగేశానికి,

దొంగ దొరికాడు. ప్రభాకర్ సార్.

నేను ఊరికే అనడం లేదు, ఆలోచించి అంటున్నాను. ఊళ్లో అంత తెలుగు రాయగలిగింది ఆయన ఒక్కడే. ప్రాణపాలుడంటే సర్కారని మొదట అన్నది ఆయనే. తను రాసినదానికి తనే అర్థం చెబుతున్నాడు, గడుసు. మరి నా ఇంటి మాటలు ఆయనకు ఎట్లా చేరుతున్నాయి? అక్కడే నా బుర్ర తిరిగిపోతోంది. కొన్నాళ్లుగా ఇంట్లో కథ చెప్పడం మానేశాను. మధ్యాహ్నం పూట వేళ కాని వేళ దుకాణం వదిలి ఇంటికి పోయి చూస్తున్నాను. తలుపు పొద్దున ఎట్లా ఉందో అట్లాగే ఉంటుంది. నా ఇంటి మనిషి గడప దాటడం లేదు. ఎట్లా తెలుసని అడగకు, నాకు తెలుసు. ఆ మాట వరకు నా గుండె నిబ్బరంగానే ఉంది.

ఎదురింటి బాలమణి మీద కూడా కన్నేశాను. ఆమె ఎప్పుడూ అరుగు మీదే కూర్చుని ఉంటుంది. నన్ను చూడగానే తల వంచుకుని బియ్యం ఏరుతుంది.

పోయిన ఆదివారం గ్రంథాలయంలో అందరి ముందు ఆయన్ను నిలదీశాను. నా ఇంటి మాటలు నీకు ఎవరు మోస్తున్నారన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, “ఏ మాటలు హరికిషన్?” అని అడిగాడు. ఏ మాట చెప్పినా అది నాదని ఒప్పుకున్నట్టే కదా. అందరూ నా వైపు చూశారు. రాజమల్లయ్య అయితే రోగిని చూసినట్టు చూశాడు.

మొన్న పోలీసులు దుకాణానికి వచ్చారు. గ్రంథాలయానికి ఎవరెవరు వస్తున్నారు, ఏం మాట్లాడుతున్నారని అడిగారు. ఆ సీరియల్ ఎవరు రాస్తున్నారో నీకేమన్నా ఎరుకనా అన్నారు. నేను ప్రభాకర్ పేరు చెప్పాను. సర్కారును తిడుతున్నాడని కూడా చెప్పాను. అబద్ధం చెప్పలేదు కదా. ఆయన్ను స్టేషన్‌లో కూర్చోబెట్టి వదిలిపెట్టారట, చెంప వాచి ఉందని ఎవరో అన్నారు. ఇంట్లో ఈ సంగతి చెబితే మీ చెల్లె చేతిలో గిన్నె కింద పెట్టి, “సారు పేరు నువ్వే చెప్పినవా?” అంది. అవునన్నాను. గిన్నె అక్కడే వదిలి లోపలికి పోయింది. నేను చేసేది మంచికే అని ఒక్కరికీ తోచదు.

హరికిషన్


సిద్దిపేట,
20-10-1988

నాగేశం, తమ్మీ,

జ్ఞానేశ్వరి లేదు. మొన్నటి సంది లేదు. నీ దగ్గరికి వచ్చిందా? బెజ్జంకిల మీ చుట్టాల తానికి పోయిన, ఆడ లేదు. రాయపోల్ పోయిన, లేదు.

నీకు చెప్పనిది ఒకటున్నది. నువ్వు నవ్వినా మంచిదే. నేను కూడ పోగు కడుత. దుకాణానికి పోయేటప్పుడు బయటి నుంచి, తలుపు కింద కొండీలకు. పెండ్లయిన తెల్లారి సంది కడుతున్న. ఆమె పోతదని కాదు, పోలేదని చూసుకుంటే నాకు పానం నిమ్మలమయితది. లోపలికి పోయే ముందు ఒక్కసారి వంగి చూసుకుంట, గంతే. ఏనాడు తెగలే. అందుకే ఏనాడు గట్టిగ ఒక్క మాట అనలే. గవాక్షం అది రాసినప్పుడు నా పానం పోయినట్టయింది, పోగు ముచ్చట మీద నీకు జవాబు రాయలే.

మొన్న మధ్యాహ్నం పోయి చూస్తే పోగు అట్లనే ఉన్నది నాగేశం. తెగలే. కట్టింది కట్టినట్టే ఉన్నది. నేను సంబురపడుకుంట దాన్ని తెంపి తలుపు నూకిన. లోపల గొళ్లెం వెయ్యలేదు. ఇంట్ల మనిషి లేదు. అన్నం వండి మూత పెట్టున్నది. పెరడు దిక్కు తలుపు లేకపాయె మా ఇంటికి. ఎట్ల పోయింది? గాలిల కలిసిందా?

పొద్దున ఏదో అన్నది, నేను తాళంచెవులు ఎతుక్కుంటున్న, సరిగ ఇనలే.

బాలమణిని అడిగితే నా మొకం సూసి, “నీ పోగునే అడుగు” అని తలుపేసుకున్నది. గల్లీల ఆడోళ్లందరు నన్నే సూస్తున్నరు. అందరికి ఎరుకనా?

ఉన్నదని ఒక్క మాట రాయి. నీ కాళ్లు మొక్కుత.

నీ బావ,
హరికిషన్


భీవండి,
1-11-1988

ప్రియమైన బావకు,

ముందు నువ్వు ఊపిరి పీల్చుకో. జ్ఞాన నా దగ్గరే ఉంది, బాగుంది. భీవండి బస్సెక్కి పట్టపగలు వచ్చింది. నీ ఉత్తరం రాగానే జవాబు రాయాల్సింది. తన మనసు కుదుటపడేదాకా ఆగమంది, ఆగాను. నిన్ను అన్ని రోజులు ఏడిపించాను, తప్పే. తిట్టుకో.

గవాక్షం జ్ఞానేశ్వరే. నేనూ అది ఇక్కడికి వచ్చాకే తెలుసుకున్నాను, మా అవ్వ తోడు. నువ్వు దుకాణానికి పోగానే ఎదురింట్లో బాలమణి దగ్గర కూర్చుని రాసేదట. పత్రిక వాళ్ల జవాబులు బాలమణి పేరు మీదే వచ్చేవి. ట్రైనింగ్‌కు చూద్దామన్నావు కదా, నువ్వు చూసేలోపు అది రాయడం మొదలుపెట్టింది. ప్రతి వారం నువ్వు కంచం ముందు కూర్చుని, దాని కథ దానికే చెప్పి, ప్రాణపాలుడిది న్యాయమేనని వాదించేవాడివి. అవే రాసుకునేదట. నవ్వొచ్చేదా అని అడిగితే, మొదట్లో వచ్చేది, తర్వాత భయమేసేది అంది.

పోగు సంగతి అడిగావు. పెళ్లయిన తొలి వారంలోనే తెలుసట. పోగు తెగితే అతకడం సాలోళ్ల ఆడబిడ్డకు ఎవరైనా నేర్పాలా బావా? మగ్గం మీది పాత అచ్చు పోగులకు కొత్త అచ్చు పోగులు కలిపేటప్పుడు మన ఆడవాళ్లు వేళ్లకు బూడిద అద్దుకుని ఒక్కొక్క పోగును మెలివేస్తారు. ముడి ఉండదు, కంటికి ఆనదు. నువ్వు చిన్నప్పుడు మీ నానమ్మ పక్కన కూర్చుని చూసినవాడివే, దుకాణం పెట్టాక మరిచిపోయావు. జ్ఞాన ఇంట్లోకి పోగానే బయటి నుంచి బాలమణి అతికేది. ఆమె లేని రోజు గల్లీలో ఇంకొకరు. నువ్వు ఎవరికీ తెలియదనుకున్నదాన్ని ఆ గల్లీ ఆడవాళ్లంతా నాలుగేళ్లుగా అతుకుతున్నారు. నీ పరువు పోకూడదని ఒక్కరూ మగవాళ్ల చెవిన వేయలేదు. వెళ్లిపోయిన రోజు మాత్రం ఎవరినీ పిలవలేదట. బయట నిలబడి తనే అతికింది.

పోగును చూసి లోపల మనిషి ఉందనుకున్నావు. నాలుగేళ్లూ అట్లాగే అనుకున్నావు.

దానికి నీ మీద కోపం పోగు కట్టినందుకు కాదు. ఆ గడప మీది పిల్లవాణ్ణి తలుచుకుని అది అన్నీ ఓర్చుకుంది. రాజమల్లయ్య చెప్పిన దెబ్బ దానికి ముందే తెలుసు కదా. కానీ తన రాతకు ప్రభాకర్ సార్ చెంప వాచింది. ఆ రోజు నిర్ణయించుకుంది. మా షెడ్డులో వాళ్లు దాని చుట్టూ చేరి, ప్రాణపాలుడు సేఠా, సర్కారా తేల్చి చెప్పమన్నారు. అది తల దించుకునే చెప్పింది. “సేఠ్ గూడ, సర్కారు గూడ. కాని వాళ్లను నేనెన్నడు దగ్గరికెళ్లి చూడలే. మా ఇంటాయనను చూసి రాసిన. ఇంట్ల భయపడ్డోడు పోలీసోళ్లు అడిగితే ఇంకో మనిషి పేరు చెప్పిండు. ఇల్లు, సర్కారు గట్ల కలిసినయి.” కాసేపటికి కరెంటు వచ్చింది, లేచి ఎవరి సాంచె దగ్గరికి వాళ్లం పోయాం.

ఇంకొకటి నువ్వు తెలుసుకోవాలి. మీ అవ్వ, బాపు పోయినట్టు నిన్ను నిద్రపుచ్చి పోకూడదని అది పట్టుబట్టింది. అందుకే పొద్దున నీ ఎదురుగా నిలబడి “ఇయ్యాల నేను అన్న దగ్గరికి పోతున్న” అని చెప్పింది. నువ్వు “అన్నం మూత పెట్టినవా?” అని అడిగి బయటికి పోయి పోగు కట్టుకున్నావట. నువ్వు వినలేదన్నది అదే.

సీరియల్ ఆఖరి భాగం మొన్న పోస్టు చేసింది. ఈసారి అసలు పేరు పెట్టింది, ప్రభాకర్ సార్ మీద మాట రాకుండా. ప్రాణపాలుణ్ణి చంపమని పాఠకులు సంచులకొద్దీ ఉత్తరాలు రాశారట. చంపలేదు. గోపురం బయట చెట్లు పెరిగి గాలి ఎప్పుడో పుట్టింది, జనమంతా బయటికి నడిచిపోయారు. అతనొక్కడే లోపల ఉన్నాడు. తలుపు తీసే ఉంది. అక్కడ ఆపేసింది. తర్వాత ఏం చేశాడని అడిగితే, నాకు తెలిస్తే రాద్దును కదా అంది.

నువ్వు ముందు ప్రభాకర్ సార్ ఇంటికి పోయి మాఫీ అడుగు. ఆ తర్వాత ఇక్కడికి రావాలనిపిస్తే రా. నేను ఉన్నాను కదా, నా పక్కన నీకు జాగ ఎప్పుడూ ఉంటుంది. జ్ఞాన రావద్దనలేదు. వచ్చి తనను తీసుకుపొమ్మని కూడా అనలేదు. నువ్వు వస్తానంటే ఏం చేస్తావని అడిగాను. షెడ్డులో పోగులు అతికి వచ్చి, బూడిద చేతులు కడుక్కుంటూ చెప్పింది, చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

“తలుపు తీసే ఉంటదని రాయన్నా. కాని నన్ను చూడంగనే ఎటు పోయినవు, ఎవలు కనబడ్డరు అని అడిగితే, గా బస్సుకే తిరిగి పొమ్మను.”

దారి దూరం బావా. మొదటి మాట ఏమంటావో ఆలోచించుకుంటూ రా.

నీ గడప మీద పక్కన కూర్చున్న,
నాగేశం